ఇళయరాజా సింఫనీలో కొత్తేముంది? సినిమా ఆర్కెస్ట్రాకీ దానికీ తేడా ఏంటి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఇళయరాజా గారు లండన్‌లో సింఫనీ చేశారని వార్తల్లో చూశారు. ఆయన సినిమాల్లో ఎప్పటినుంచో వయొలిన్ల దండుతోనే చేస్తున్నారు కదా, మరి ఇందులో కొత్తేముంది? "మొదటి భారతీయుడు" అంటున్నారు, అది నిజమేనా? స్వరజ్ఞానం లేనివాళ్లు దీన్ని ఎలా వినాలి? కీబోర్డు నేర్చుకుంటున్న మీ అమ్మాయికి ఇదేమైనా పనికొస్తుందా?

నేను పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ వాయిస్తాను. చెన్నైలోనూ హైదరాబాదులోనూ సినిమా రికార్డింగుల స్ట్రింగ్ సెక్షన్లలో చాలా ఏళ్లు కూర్చున్నాను. ఇప్పుడు ఎక్కువగా పిల్లలకి నేర్పుతున్నాను. కాబట్టి ఇది వాయించేవాడి వైపు నుంచి చెప్పే జవాబు. సంగీత చరిత్రకారులు ఇంకోలా చెప్పొచ్చు.

ముందు సూటిగా చెప్పేస్తాను. సింఫనీ అంటే, సాధారణంగా గాయకులు లేకుండా ఆర్కెస్ట్రా ఒక్కటే వాయించే పొడవైన రచన. ఆర్కెస్ట్రా ఆయనకి కొత్త కాదు. పాట, సీను, డైరెక్టరు, ఏ ఆసరా లేకుండా సంగీతం అంతసేపు తన కాళ్ల మీద తను నడవడం, అదీ ఇక్కడ కొత్త. "మొదటి భారతీయుడు" అన్నది కొన్ని షరతులు పెడితే నిజం, ఆ షరతులు తీసేస్తే కాదు. ఇక వినడానికి స్వరజ్ఞానం అక్కర్లేదు. పది నిమిషాల క్రితం విన్న ట్యూను గుర్తుపెట్టుకోగలిగితే చాలు.

తెలియనివాళ్ల కోసం వివరాలు: ఆ సింఫనీ పేరు "వాలియంట్". నాలుగు భాగాలు, వాటిని మూవ్‌మెంట్లు అంటారు. 2025 మార్చి 8న లండన్ హామర్‌స్మిత్‌లోని ఈవెంటిమ్ అపోలోలో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది, మికెల్ టామ్స్ కండక్ట్ చేశారు, అంటే ముందు నిలబడి అందరినీ నడిపించారు. అప్పటికి రాజా గారి వయసు 81. ఆయనకీ ఆ ఆర్కెస్ట్రాకీ ఇది తొలి పరిచయం కాదు. 1993లో కూడా ఆయన రాసిన సింఫనీని వాళ్లే వాయించారు, అప్పుడు కండక్టరు జాన్ స్కాట్. ఆ రికార్డింగు ఆ తర్వాత అధికారికంగా బయటికి రాలేదు. అభిమానులు మూడు దశాబ్దాలు ఎదురుచూశారు. అందుకే 2025లో అంత హడావిడి జరిగింది.

ఇప్పుడు అసలు తేడా. దీని మీదే కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన దగ్గర అందరూ తడబడేది ఇక్కడే.

సినిమాలో ఆర్కెస్ట్రా పని రెండు చోట్ల ఉంటుంది. ఒకటి పాటలో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే బిట్. అది అర నిమిషం అటూ ఇటూ ఉంటుంది. రెండోది రీరికార్డింగు, ఇండస్ట్రీలో అందరూ ఆర్‌ఆర్ అంటారు. అక్కడ సీను ఎంత పొడుగుంటే సంగీతం అంతే. హీరోయిన్ వెనక్కి తిరగ్గానే తీగలు ఆగాలి, తలుపు తీయగానే ఫ్లూట్ రావాలి. ఎడిటరు కోసిన చోట మీ ఆలోచన కూడా తెగిపోవాల్సిందే. ఇళయరాజా గారి ప్రతిభ ఇక్కడ అసాధారణం. సీను చూసి, కీబోర్డు ముందు కూర్చోకుండానే, ఎవరు ఏం వాయించాలో నేరుగా స్టాఫ్ నొటేషన్‌లో, అంటే ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతిలో, రాసేయడం ఆయన అలవాటు. కాపీ చేసేవాళ్లు పార్టులు విడగొట్టి పంచుతారు, వాయిద్యకారులు కాగితం చూసి వాయిస్తారు. దక్షిణాది స్టూడియోల్లో కాగితం చూసి వాయించే తరం తయారవడంలో ఆయన పాత్ర చాలా పెద్దది. మా ముందు తరం వయొలినిస్టులు కొందరు "నొటేషన్ చదవడం నిజంగా అక్కడే నేర్చుకున్నాం" అనేవారు.

అయితే ఆ అర నిమిషం బిట్‌లో ఒక సౌకర్యం ఉంది. మీరు ఒక అందమైన ఆలోచన మొదలుపెడితే చాలు, దాన్ని ఎక్కడికో తీసుకెళ్లాల్సిన బాధ్యత లేదు. ముడి వేసి వదిలేయొచ్చు, విప్పడానికి చరణం వస్తుంది, బాలు గారి గొంతు వస్తుంది, జానకమ్మ గొంతు వస్తుంది. శ్రోత మనసు మాట మీదికి పోతుంది. వేటూరి గారి వాక్యం మిగతా పని చేసేస్తుంది.

సింఫనీలో అలా ఆదుకునేవాళ్లు ఎవరూ రారు. ఒక ట్యూను పెట్టావు. సరే, తర్వాత? దానికి ఎదురు నిలిచే ఇంకో ట్యూను, ఇంకో శ్రుతిలో. సరే, తర్వాత? రెండిటినీ ముక్కలు చేసి, ఆ ముక్కల్ని వేరే శ్రుతుల్లోకి లాగి, ఒకదాని మీద ఒకటి పేర్చి, తిప్పి తిప్పి, చివరికి మొదటి ట్యూను ఇంటికి వచ్చినట్టు వినిపించాలి. మధ్యలో జరిగే ఆ పనిని డెవలప్‌మెంట్ అంటారు. సింఫనీ నిలిచేదీ కూలేదీ అక్కడే. కచేరీలకి వెళ్లే అలవాటు ఉంటే నెరవల్ గుర్తుచేసుకోండి. ఒక్క సాహిత్య పంక్తి పట్టుకుని గాయకుడు దాన్ని పదిహేను నిమిషాలు రకరకాలుగా పరుస్తాడు కదా. పని అలాంటిదే, కానీ పద్ధతి పూర్తిగా వేరు. నెరవల్ ఆ క్షణంలో పుడుతుంది. సింఫనీలో ఎనభై మంది వాయించే ప్రతి స్వరమూ ముందే కాగితం మీద ఉండాలి. పైగా నెరవల్‌కి రాగం ఒక కంచె. సింఫనీలో శ్రుతి మారడమే కథ.

ఉదాహరణకి బీతోవెన్ ఐదో సింఫనీ మొదట్లో వచ్చే నాలుగు స్వరాలు మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు, తలుపు తట్టినట్టుంటాయి. చాలామందికి తెలిసింది అక్కడివరకే. మొదటి మూవ్‌మెంట్ మొత్తం ఆ నాలుగు స్వరాల లయ మీదే నడుస్తుంది. మూడో మూవ్‌మెంట్‌లో అదే లయ హారన్లలో వేషం మార్చి మళ్లీ వస్తుంది. నా విద్యార్థులకి ఇది చూపించినప్పుడు వాళ్ల ముఖాలు మారిపోతాయి. "సార్, ఇదే కదా అది" అంటారు. ఆ "ఇదే కదా అది" అనిపించడం కోసమే సింఫనీ అనే రూపం పుట్టిందని నా నమ్మకం.

ఇంకో తేడా శబ్దానిది, దీని గురించి బయటివాళ్లకి ఎవరూ చెప్పరు. సినిమా పాటలో మీకు నలభై వయొలిన్లు వినిపిస్తే అక్కడ నిజంగా నలభై మంది ఉన్నారని అనుకోకండి. పదిమందిని కూర్చోబెట్టి, అదే బిట్‌ని రెండుమూడుసార్లు వాయింపజేసి, ఒకదాని మీద ఒకటి వేస్తారు. కింద కంప్యూటర్ శాంపిల్స్ (ముందే రికార్డు చేసి పెట్టుకున్న వాయిద్యాల శబ్దాలు) పరుస్తారు. ఫ్లూట్ వినపడకపోతే మిక్సింగులో పైకి లేపుతారు. ఈమధ్య బడ్జెట్ ఉన్న సినిమాలైతే యూరప్‌లోని బుడాపెస్ట్‌కో స్కోప్యెకో ఫైలు పంపి అక్కడి ఆర్కెస్ట్రాతో వాయింపజేసి తెప్పించుకుంటున్నాయి. ఒకసారి ఓ స్టూడియోలో, పేరు వద్దులెండి, మేం మూడు గంటలు వాయించిన స్ట్రింగ్స్ చివరి మిక్స్‌లో దాదాపు లేవు. శాంపిల్సే "ఇంకా నిండుగా ఉన్నాయి" అన్నారు. కాల్షీట్ డబ్బులు వచ్చాయి, అంతే.

సింఫనీ రాసేవాడికి ఆ మిక్సర్ లేదు. బ్యాలెన్స్ మొత్తం కాగితం మీదే జరగాలి. ఫ్లూట్‌ని కింది స్వరాల్లో రాసి, అదే సమయంలో ట్రంపెట్లని గట్టిగా రాస్తే ఫ్లూట్ పోయినట్టే, ఏ ఇంజనీరూ కాపాడలేడు. వయోలాలకి రాసిన లైను చెల్లోల కింద మునిగిపోతుందా లేదా అన్నది రాసేటప్పుడే చెవిలో వినపడాలి. ఇది చదివితే వచ్చే విద్య కాదు. జీవితమంతా రాసి, మర్నాడే వాయింపజేసి, తన కాగితం ఎలా పలికిందో విన్నవాడికే వస్తుంది. ఆ రకంగా చూస్తే, ఇంతమంది మనుషులతో ఇన్నేళ్లు రోజూ ఈ పరీక్ష చేసుకున్న సంగీతకర్త ప్రపంచంలోనే అరుదు. యూరప్‌లో పెద్ద పేరున్న కంపోజర్లకి కూడా ఆర్కెస్ట్రా ఏడాదికి ఒకటి రెండుసార్లు దొరికితే గొప్ప.

కాబట్టి నా లెక్కలో ఆర్కెస్ట్రాకి రాయడం అనే సగం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. పొడుగ్గా ఆలోచించడం అనే రెండో సగానికి మాత్రం సినిమా ఏ శిక్షణా ఇవ్వదు. దానికోసం ఆయన సినిమా బయట చేసిన పనులు చూడాలి. 1986లో వచ్చిన "హౌ టు నేమ్ ఇట్" అనే ఆల్బం త్యాగరాజుకీ, జర్మన్ కంపోజర్ బాఖ్‌కీ అంకితం. అందులో ఒక ట్రాక్ పేరే "ఛాంబర్ వెల్కమ్స్ త్యాగరాజ". ఇంకోచోట బాఖ్ వయొలిన్ పార్టిటా (కొన్ని భాగాలున్న రచన) లోని భాగం సూటిగా వినిపిస్తుంది. వయొలిన్ వాయించింది వి.ఎస్. నరసింహన్ గారు, మాలాంటివాళ్లకి ఆయన గురుస్థానం. తర్వాత 1988లో హరిప్రసాద్ చౌరాసియా గారి వేణువుతో "నథింగ్ బట్ విండ్". 2005లో "తిరువాసకం", బుడాపెస్ట్ సింఫనీ ఆర్కెస్ట్రాతో. దాని ప్రచారంలో సింఫనీ అన్న మాట వాడారు గానీ అందులో సాహిత్యం ఉంది, గాయకులున్నారు, కాబట్టి అది ఒరటోరియో (గాయకులు, ఆర్కెస్ట్రా కలిసి చేసే పెద్ద భక్తి రచన) జాతికి చెందింది. ఈ మెట్లన్నీ చూస్తే వాలియంట్ ఉన్నట్టుండి ఆకాశం నుంచి ఊడిపడలేదని తెలుస్తుంది.

ఇక "మొదటి భారతీయుడు" సంగతి.

రవిశంకర్ గారి "సింఫనీ" 2010లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో లండన్ ఫిల్హార్మోనిక్ వాయించింది. సితార్ ఆయన కూతురు అనౌష్క, కండక్టర్ డేవిడ్ మర్ఫీ. అంతకు చాలా ముందే, 1971లో, ఆయన మొదటి సితార్ కన్చెర్టో (ఒక వాయిద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో వచ్చింది. ఎల్. సుబ్రమణ్యం గారు 1985లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో, జుబిన్ మెహతా కండక్టింగ్‌లో, తన రచన వాయించారు. పంజాబులో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడ్డ నరేష్ సోహల్ అయితే పూర్తిగా పాశ్చాత్య ఆర్కెస్ట్రా భాషలోనే రాశారు, 1982లోనే లండన్‌లో ఏటా జరిగే బీబీసీ ప్రామ్స్ కచేరీల్లో ఆయన రచన వినిపించింది. కలకత్తాలో పుట్టిన జాన్ మేయర్ లండన్ ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ వాయిస్తూ రచనలు చేశారు. మన సినిమా పేజీల్లో ఈ పేర్లు కనపడవు, అందుకే "మొదటి" అన్న మాట అంత తేలిగ్గా పడిపోయింది.

అయితే షరతులు పెట్టి చూడండి. భారతదేశంలోనే ఉండి, ఇక్కడి సినిమాల్లోనే పనిచేస్తూ, సితార్, వీణ, మృదంగం ఏదీ లేకుండా, నాలుగు మూవ్‌మెంట్ల సంప్రదాయ సింఫనీ రాసి లండన్‌లో వేదిక మీద వాయింపజేసినవాళ్లు ఎవరు? ఆ ప్రశ్నకి ఆయన పేరే ముందుకొస్తుంది. నాకు మాత్రం ఈ పందెంలో ఆసక్తి లేదు. పణ్ణైపురం అనే పల్లెలో పుట్టి, అన్నగారితో ఊరూరా తిరిగి కమ్యూనిస్టు పార్టీ సభల్లో పాడి, మద్రాసులో ధన్‌రాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న మనిషి అక్కడిదాకా వెళ్లాడన్నదే నాకు ముఖ్యం. ఆ మాస్టారి గదిలో నేర్చుకున్నవాళ్లే తర్వాత మన పాటల రూపురేఖలు మార్చారు.

ఒక విషయంలో రాజా గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించను, అదీ చెప్పేస్తాను. 35 రోజుల్లో సింఫనీ రాశానని ఆయన 2024 మే నెలలో వీడియోలో ప్రకటించినప్పుడు, సినిమా సంగీతం ఛాయలు కనిపిస్తే అది సింఫనీ కాదన్న అర్థంలో మాట్లాడారు. ఆయన ఉద్దేశం నాకు అర్థమైంది, అభిమానులు తమకిష్టమైన పాట కోసం వెతుకుతారని ముందే హెచ్చరించారు. కానీ చరిత్ర అంత కచ్చితంగా గీత గీయలేదు. ఇంగ్లండ్ కంపోజర్ వాన్ విలియమ్స్ అంటార్కిటికా యాత్ర మీద తీసిన ఒక సినిమాకి సంగీతం చేసి, అదే సామగ్రితో తన ఏడో సింఫనీ రాశారు. షొస్తకోవిచ్ బోలెడన్ని సినిమాలకి పనిచేస్తూనే పదిహేను సింఫనీలు రాశాడు. ద్వోర్జాక్, మాలర్ పల్లెపాటల వాసనని దాచుకోలేదు. సినిమా నీడ పడితే తప్పేం లేదు, ఆ ట్యూనుతో తర్వాత ఏం చేశావన్నదే లెక్క.

35 రోజుల విషయం మీద కూడా అనవసరంగా గొడవపడుతున్నారు. కొందరు అద్భుతం అంటారు, కొందరు అంత త్వరగా రాస్తే ఏముంటుంది అంటారు. మోత్సార్ట్ 1783లో లింజ్ ఊళ్లో కచేరీ కోసం నాలుగైదు రోజుల్లో ఒక సింఫనీ రాసేశాడు. బ్రామ్స్ తన మొదటి సింఫనీకి ఇరవై ఏళ్లు తీసుకున్నాడు. రెండూ ఇప్పటికీ వాయిస్తున్నారు.

కర్ణాటక సంగీతం వాళ్ల నుంచి ఒక ఫిర్యాదు వింటుంటాను: "రాగం ఎక్కడ సార్, గమకం ఎక్కడ?" న్యాయమైన ప్రశ్నే. గమకం, అంటే స్వరాన్ని వంచి ఊపడం, తీసేస్తే కల్యాణి రాగం ఒట్టి స్వరాల వరుసగా మిగులుతుంది. పదహారు మంది వయొలినిస్టులు ఒకే లైనుని ఒకే రకంగా వంచాలంటే స్టాఫ్ నొటేషన్‌లో ఆ వంపు రాయడం దాదాపు అసాధ్యం, రాసినా ఒక్కొక్కరు ఒక్కోలా వంచుతారు. నేను నేర్పే పిల్లల్లో కర్ణాటక వయొలిన్ నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్ల ఎడమచేయి జారకుండా నిలబెట్టడానికే నెలలు పడుతుంది. అందుకే ఆర్కెస్ట్రాకి రాసేవాళ్లు గమకాన్ని వదులుకుని, దానికి బదులు హార్మనీ, అంటే ఒకేసారి పలికే వేర్వేరు స్వరాల పొందిక, తీసుకుంటారు. ఒకటి పోగొట్టుకుని ఇంకోటి కొనుక్కోవడమే. ఇందులో మోసం లేదు, కానీ పోగొట్టుకున్నది చిన్నదేమీ కాదు.

తర్వాత ఏం జరుగుతోందంటే, లండన్ నుంచి తిరిగొచ్చాక ఈ సింఫనీని 13 దేశాల్లో వినిపిస్తామని ఆయన చెప్పారు. డౌన్‌లోడ్ చేసుకుని వినొద్దని, ఎనభై మంది ఎదురుగా వాయిస్తుంటే వినాలని కోరారు. సినీ జీవితంలో 50 ఏళ్ల సందర్భంగా తమిళనాడు ప్రభుత్వం 2025 సెప్టెంబర్ 13న చెన్నైలో ఆయన్ని సత్కరించింది. దీపావళికి ఇంకో సింఫనీ మొదలుపెడుతున్నట్టు ప్రకటన వచ్చింది. ఈ వయసులో ఆ ఓపిక చూస్తే మాలాంటివాళ్లకి సిగ్గేస్తుంది.

డౌన్‌లోడ్ వద్దన్న మాట చాదస్తంలా అనిపించొచ్చు, నాకు మాత్రం నూరుపాళ్లు సబబే. ఫోను స్పీకర్లో డబుల్ బేస్ అసలు ఉండదు. మెల్లగా వాయించే చోట బస్సు హారను వినపడుతుంది, వాల్యూం పెంచుతారు, వెంటనే ట్రంపెట్ల లాంటి బ్రాస్ వాయిద్యాలు వచ్చి చెవి పగులుతుంది. అయితే హాలు కూడా ముఖ్యమే. ఈవెంటిమ్ అపోలో 1932లో సినిమా హాలుగా తెరిచిన భవనం, ఇప్పుడు ఎక్కువగా రాక్, పాప్ షోలు జరుగుతాయి. ఆర్కెస్ట్రా కోసమే కట్టిన హాల్లో ఇదే రచన ఇంకోలా పలుకుతుంది. మన దేశంలో అలాంటి అనుభవం కావాలంటే ముంబైలోని ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రానికి వెళ్లండి. 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా అక్కడే ఉంది. హైదరాబాదులోగానీ విజయవాడలోగానీ ఆ స్థాయి వృత్తి ఆర్కెస్ట్రా లేదు. ఇన్ని వందల కోట్ల సినిమాలు తీసే ఊళ్లో ఇంకా ఇదే పరిస్థితి.

నా అసలు కొలమానం ఒకటుంది: ప్రీమియర్ ఎంత ఘనంగా జరిగిందన్నది నేను పట్టించుకోను. కంపోజర్ అక్కడ లేనప్పుడు, ఆయనతో సంబంధం లేని ఇంకో ఊరి ఆర్కెస్ట్రా, ఇంకో కండక్టరు, తమంతట తాము స్కోరు (అన్ని వాయిద్యాల స్వరాలూ ఉన్న రాతప్రతి) తెప్పించుకుని వాయిస్తారా? సింఫనీకి ఆయుష్షు అలా వస్తుంది. అది జరగాలంటే స్కోరు అచ్చయి అందుబాటులో ఉండాలి. అభిమానులు సోషల్ మీడియాలో కొట్టుకునే బదులు దీని గురించి అడిగితే మేలు.

వినడం ఎలా అన్నారు. నేరుగా గంట పొడుగు మాలర్ మీద పడకండి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ప్రొకోఫియెవ్ "క్లాసికల్ సింఫనీ" పావుగంట ఉంటుంది, దానితో మొదలుపెట్టండి. తర్వాత హైడన్ 94వది, మోత్సార్ట్ 40వది, బీతోవెన్ ఐదోది, ద్వోర్జాక్ తొమ్మిదోది. ఒక్కో మూవ్‌మెంటే వినండి. మొదటి నిమిషంలో వచ్చిన ట్యూను మీకు మీరే కూనిరాగం తీసుకోండి. అది మళ్లీ ఎప్పుడొస్తుందో, ఏ వాయిద్యంలో వస్తుందో, నవ్వుతూ వస్తుందో ఏడుస్తూ వస్తుందో చూడండి. అంతకుమించి మొదట్లో ఏమీ వెతకొద్దు. "ఇది దేన్ని వర్ణిస్తోంది, వాననా, యుద్ధాన్నా" అని సీను ఊహించుకోవడం మన సినిమా అలవాటు, దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. హాల్లో అయితే మూవ్‌మెంట్లకి మధ్య చప్పట్లు కొట్టకపోవడం ఇప్పటి ఆనవాయితీ. కొడితే కొంపలేం మునగవు, బీతోవెన్ కాలంలో కొట్టేవాళ్లు.

మీ అమ్మాయి విషయం. కీబోర్డు నేర్చుకుంటోందంటే కుడిచేత్తో ట్యూను, ఎడమచేత్తో కార్డ్స్ పట్టడం నేర్పుతుంటారు. దాంతో ఎడమచేయి ఎప్పుడూ నౌకరులాగే ఉండిపోతుంది. రెండు చేతులూ రెండు వేర్వేరు ట్యూన్లు వాయించే చిన్న బాఖ్ ముక్కలు అడిగి వేయించండి, రెండో గ్రేడు స్థాయిలోనే దొరుకుతాయి. రాజా గారి పాటల్లో బేస్ గిటారు తన దారిన తను వేరే ట్యూను పాడుతుంటుందే, ఆ కిటుకు అక్కడిదే. అమ్మాయికి ఇష్టమైన ఆయన పాట ఒకటి తీసుకుని, ట్యూను వదిలేసి, బేస్ లైను ఒక్కటే విని పట్టుకోమనండి. కష్టంగానే ఉంటుంది. పట్టుకున్నాక ఏ పాట పట్టిందో ఇక్కడ రాయండి, అదే పాటకి స్ట్రింగ్స్ లైను ఎలా వినాలో చెబుతాను.